కాలి బొటనవ్రేలి వంకర – దాని శస్త్రచికిత్స

మా కార్యాలయమునకు వచ్చు ఉత్తరములలో పాటల కోరికలే ఎక్కువ. నాటకము బాగున్నదనియు, వార్తల వేళ మార్చవలెననియు వ్రాయువారును కలరు. కొన్ని నెలల క్రిందట కృష్ణాతీరమునందలి ఒక చిన్న పట్టణమునుండి వచ్చిన ఉత్తరము మాత్రము వీనికి భిన్నముగా నుండెను. వ్రాసిన సోదరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయిని. వయస్సు 46 సంవత్సరములు. దినమునకు అయిదారు గంటలు నిలువబడి పాఠము చెప్పవలసిన వృత్తి. ఆమె కుడికాలి బొటనవ్రేలు నానాటికి ప్రక్కవ్రేలి వైపు ఒరుగుచున్నది. వ్రేలి మొదట, పాదము లోపలి అంచున, ఒక బొడిపె లేచినది. చెప్పు తగిలినచో మంట, సాయంకాలమగునప్పటికి పోటు. ఎముకల వైద్యుడు శస్త్రచికిత్స మాట తలపెట్టగా ఇంటిలో అందరును అడ్డుపడినారట. కారణమేమనగా, ఆమె మేనత్తగారికి 1974లో ఇదే చికిత్స జరిగినది. నొప్పి తగ్గినదిగాని వ్రేలు పొట్టిదై, పట్టు తప్పి, నేలకు ఆనకుండ పోయినది. “ఇది సోకునకై చేయించుకొను కోతయని కొందరు, కోసిన పిమ్మట నడువలేవని కొందరు చెప్పుచున్నారు. మా అమ్మాయికి 14 ఏండ్లు. దాని పాదము కూడ అదే దారి పట్టుచున్నట్లున్నది. ఏమి చేయవలెను?” అని ఆమె ప్రశ్న.

ఇట్టి ప్రశ్నకు పాటల కార్యక్రమములో సమాధానము చెప్పుట కుదరదు. కావున మేము ఎముకల శస్త్రవైద్యులను కలిసికొని, చదువవలసినవి చదివి, ఒక ప్రసంగమును సిద్ధపరచితిమి. దానినే కొంత పెంచి ఇచ్చట ముద్రించుచున్నాము. రేడియో గల ప్రతి ఇంటను ఒక పెద్దమ్మయో, ఒక పిన్నియో ఈ బాధ అనుభవించుచునే ఉండవచ్చును. ఆమె దానిని గూర్చి మాటలాడదు. కాలిని చీరకుచ్చెళ్ల క్రింద దాచుకొనును.

పాదమునకు మన ఇండ్లలో గొప్ప మర్యాద కలదు. పెండ్లిలో వధువు పాదములకు పారాణి పెట్టుదుము. సన్నికల్లు తొక్కించి వరునిచేత మెట్టెలు తొడిగించుదుము. పెద్దల పాదములకు నమస్కరించుదుము. కాని ఆ పాదము లోపల ఏమున్నదో ఆలోచించు అలవాటు మనకు లేదు. ఒక్కొక్క పాదమున 26 ఎముకలు కలవు. రెండు పాదములకు కలిపి 52. అనగా దేహమునందలి 206 ఎముకలలో నాలుగవ వంతు మడమలనుండి వ్రేళ్ల కొనల వరకే ఉన్నవన్నమాట. చీలమండ క్రిందను పాదము వెనుక భాగమునందును ఏడు, వానికి ముందు, అరికాలి నడుమ నుండి వ్రేళ్ల మొదళ్ల వరకు పొడుగుగా సాగునవి అయిదు, వ్రేళ్లలో పదునాలుగు. నడుమనున్న ఆ అయిదింటికి ప్రపదాస్థులని పేరు. తక్కిన వ్రేళ్లలో మూడేసి ఎముకలుండగా బొటనవ్రేలిలో రెండే ఉన్నవి. అయినను నడకలో దాని పనియే పెద్దది. మడమ లేచి, దేహభారము ముందునకు సాగి, అడుగు నేలను విడుచు క్షణమున మనలను ముందునకు నెట్టునది ముఖ్యముగా ఆ వ్రేలే.

ఆ వ్రేలి మొదట, మొదటి ప్రపదాస్థి తలకును వ్రేలి మొదటి ఎముకకును నడుమ ఒక కీలున్నది. ఈ కీలు క్రింద రెండు చిన్న ఎముకలు, బఠాణీ గింజలంతటివి, స్నాయువులలో పొదిగియుండును. పాశ్చాత్యులు వీనికి నువ్వుగింజను బట్టి పేరు పెట్టినారు. బావి గిలకపై చేదత్రాడు వలె, ఈ గింజలమీదుగా స్నాయువులు జారుచు వ్రేలిని వంచును. ఎముకలు, కీలు, గింజలు, స్నాయువులు అన్నియు ఒకే వరుసలో నున్నంతకాలము పని సాఫీగా సాగును. వరుస తప్పినచో చిక్కు మొదలగును.

ఆ తప్పుట ఎట్లు జరుగును? మొదటి ప్రపదాస్థి తక్కిన నాలుగింటినుండి విడివడి, రెండవ పాదము వైపునకు, అనగా లోపలి అంచునకు, మెల్లగా జరుగును. దాని తలమీద నిలిచిన వ్రేలు మాత్రము అందుకు విరుద్ధముగా చిటికెనవ్రేలి వైపు ఒరుగును. ఒకటి ఇటు, ఒకటి అటు పోవుటచే కీలు వద్ద ఒక కోణము ఏర్పడును. ఆ కోణపు కొనయే మనకు పైకి కనబడు బొడిపె. దీనిని చూచి “ఎముక పెరిగినది” అనుట మనవారి వాడుక. నిజమునకు క్రొత్తగా పెరిగిన ఎముక అందు ఏమంత ఉండదు. ఎప్పటినుండియో ఉన్న ఎముక తలయే తన చోటు విడిచి బయటకు పొడుచుకొని వచ్చినది. దానిపై చెప్పు రాపిడికి చర్మము మందమగును. చర్మమునకును ఎముకకును నడుమనున్న ద్రవపు తిత్తి వాచి ఎర్రబారును. నొప్పిలో కొంత ఈ తిత్తిది, కొంత కీలుది, కొంత భారము తప్పుచోట పడుటవలన కలిగినది.

ఒకసారి ఒరిగిన వ్రేలు తనంతట మరల నిలువబడదు. కారణము సులభము. స్నాయువు వింటినారి వంటిది. విల్లు నిటారుగా నున్నప్పుడు అది మధ్యగా సాగి వ్రేలిని తిన్నగా నిలుపును. వ్రేలు ఒరిగినపిమ్మట అదే స్నాయువు ప్రక్కకు జారి, లాగిన ప్రతిసారియు ఆ ఒరుగును పెంచును. అందుచేత ఈ వికారము సాధారణముగ నిలిచిన చోట నిలువక, ఏండ్ల తరబడి మెల్లమెల్లగా హెచ్చును. ఎవరిలో ఎంత వేగముగ హెచ్చునో ముందుగా చెప్పుట కష్టము.

దీనికి ఆంగ్లమున బన్యన్ అని వాడుక పేరు. మనము చొక్కా క్రింద తొడుగుకొను బనియనుతో దీనికి సంబంధము లేదు! వైద్యుల పేరు హాలక్స్ వాల్గస్. లాటిన్ భాషలో హాలక్స్ అనగా కాలి బొటనవ్రేలు. వాల్గస్ అనగా దేహపు మధ్యరేఖనుండి వెలుపలికి వంగినది. ఈ పేరును వ్యాప్తికి తెచ్చినవాడు 19వ శతాబ్దపు జర్మన్ శస్త్రవైద్యుడు కార్ల్ హ్యూటర్.

వంకర ఎంతయున్నదో కంటితో అంచనా వేసిన చాలదు. రోగిని నిలువబెట్టి, పాదముపై భారము పడుచుండగా ఎక్స్‌రే తీయవలెను. పండుకొనబెట్టి తీసిన చిత్రమున అసలు వంకర కనబడకపోవచ్చును. ఆ చిత్రముపై వ్రేలి గీతకును ప్రపదాస్థి గీతకును నడుమ కోణమును కొలుతురు. అది 15 డిగ్రీలకు లోపలనున్న సహజము. 30 వరకు స్వల్పము, 30 నుండి 40 వరకు మధ్యమము, అటుపై తీవ్రమని సామాన్యముగ లెక్క. మొదటి, రెండవ ప్రపదాస్థుల నడుమ కోణమును కూడ చూతురు. అది 9 డిగ్రీలను మించరాదు. ఏ శస్త్రచికిత్స తగునో నిర్ణయించుటలో ఈ రెండవ కోణమునకు ప్రాముఖ్యము ఎక్కువ.

ఇక కారణములు. ముందుగా నింద మోయునది పాదరక్ష. అందుకు ఆధారములు లేకపోలేదు. 1958లో హాంకాంగ్‌లోని చైనీయుల పాదములను పరీక్షించి సిమ్‌ఫూక్, హాడ్జ్‌సన్ అను ఇద్దరు వైద్యులు ఒక వ్యాసమును ప్రకటించిరి. బూట్లు తొడుగు 118 మందిలో నూటికి 33 మందికి ఈ వంకర ఉండగా, పాదరక్షలెరుగని 107 మందిలో నూటికి ఇద్దరికైనను లేకుండెను. 2021లో వెలువడిన మరియొక పరిశోధన ఇంకను చిత్రమైనది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిసరములలో త్రవ్విన 177 మధ్యయుగపు అస్థిపంజరములను పండితులు పరీక్షించిరి. 11 నుండి 13వ శతాబ్దము వరకు బ్రదికినవారిలో నూటికి ఆరుగురికి ఈ వికారముండగా, 14, 15 శతాబ్దములవారిలో అది నూటికి 27 మందికి పెరిగెను. 14వ శతాబ్దమున అచ్చట ముక్కు మొనదేలిన సన్నని బూట్లు నాగరకతగా ప్రబలినవి. పల్లెటూరి శ్మశానములో నూటికి ముగ్గురు మాత్రమే కనబడగా, పట్టణపు మఠములో పాతిపెట్టబడినవారిలో 43 మంది కనబడిరి. వీరిలో, ముఖ్యముగా వయస్సు మీరినవారిలో, జారిపడుటచే విరిగిన ఎముకల గుర్తులు కూడ ఎక్కువ. అనగా ఈ వంకర కేవలము అందచందముల విషయము కాదు. నడక తూకమును చెడగొట్టునది కూడ.

అయినను పాదరక్షయే సర్వమును కాదు. అట్లైన ఒకే తీరు బూట్లు తొడిగిన అక్కచెల్లెండ్రలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకుండుట ఎట్లు? చెప్పెరుగని వారిలో కూడ కొందరికి వచ్చుట ఎట్లు? పాదపు ఆకృతి, కీళ్ల వదులుతనము వంశమునందు దిగివచ్చును. తల్లికున్న కుమార్తెకును తరచుగా కనబడును. పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. కీళ్లవాతము ఉన్నవారిలో కీలు చెడి వ్రేలు త్వరగా ఒరుగును. కావున వంశము నేలను సిద్ధపరచును, ఇరుకు పాదరక్ష విత్తును మొలిపించునని చెప్పుట న్యాయము.

ఈ వికారమును మరికొన్నింటితో పొరపాటు పడుట కలదు. రాత్రికి రాత్రి బొటనవ్రేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినను ఓర్వలేనంత నొప్పి వచ్చినచో అది గౌటు అను వ్యాధి కావచ్చును. రక్తములోని యూరిక్ ఆమ్లము స్ఫటికములై కీలులో చేరుటచే వచ్చు ఆ జబ్బుకు చికిత్స వేరు. వ్రేలు తిన్నగానే ఉండి, పైకి వంగక బిగుసుకొనిపోయినచో అది కీలు అరుగుదల. వ్రేలిమీద లేచిన ఆనెకాయ ఇంకొకటి. కావున ఇరుగుపొరుగువారు పెట్టిన పేరుతో తృప్తిపడక వైద్యునికి చూపవలెను.

బొటనవ్రేలి వంకర అంతటితో ఊరకుండదు. ఒరుగుచు ఒరుగుచు అది రెండవ వ్రేలిని నెట్టును. ఒక్కొక్కప్పుడు దాని క్రిందికి దూరును. రెండవ వ్రేలు గద్దగోరు వలె వంగి పైకి లేచును. మెట్టెలు తొడుగు వ్రేలు అదియే గదా. మెట్టె బిగిసి వ్రేలు వాచుచున్నను “తీయరాదు” అని ఓర్చుకొను స్త్రీలు కలరు. వాచిన వ్రేలికి బిగిసిన మెట్టె రక్తప్రసారమును ఆపగలదు. అట్టి సమయమున దానిని వదులు చేయించుటయో, కొంతకాలము తీసివేయుటయో దోషము కాదని పెద్దలే ముందుగా చెప్పవలెను. బొటనవ్రేలు తన భారమును మోయజాలనప్పుడు అది రెండవ, మూడవ ప్రపదాస్థుల తలలపై పడును. అప్పుడు అరికాలి ముందుభాగమున, వ్రేళ్ల మొదళ్ల క్రింద, గులకరాయి త్రొక్కినట్లు నొప్పి పుట్టును.

శస్త్రము లేకుండ చేయదగినది ఏమి కలదు? చాల కలదు, కాని దాని హద్దును ఎరిగి చేయవలెను. మొదటిది పాదరక్ష మార్పు. ముందుభాగము వెడల్పుగా, తోలు మెత్తగా, మడమ ఎత్తు తక్కువగా ఉండవలెను. సాయంకాలమునకు పాదము కొంత ఉబ్బును గనుక ఆ వేళకే పోయి కొలత చూచుకొనుట మేలు. కాగితముపై నిలువబడి పాదము చుట్టును గీత గీసి, కొనదలచిన జోడును ఆ గీతపై పెట్టి చూడుడు. జోడు గీతకు లోపలనుండిన అది మీది కాదు. బొడిపెపై మెత్తని దిండు, వ్రేళ్ల నడుమ రబ్బరు తునక, అరికాలి క్రింద ఆధారము, అవసరమైనప్పుడు వైద్యుడు చెప్పిన నొప్పి మందు, వాపునకు గుడ్డలో చుట్టిన మంచుగడ్డ ఉపశమనము నిచ్చును. బరువు తగ్గుటచే పాదమునకు భారము తగ్గును. ఎందరికో ఇంతమాత్రమే చాలును. వారికి జన్మలో శస్త్రచికిత్స అవసరము రాదు.

కాని ఇవి నొప్పిని తగ్గించునవి, వంకరను తీర్చునవి కావు. రాత్రిపూట కట్టుకొనిన తెల్లవారునప్పటికి వ్రేలు తిన్ననగునని అమ్ము పట్టీలు, రుద్దిన ఎముక కరగునను తైలములు బజారులో కలవు. పెద్దవారిలో ఎముకల వరుసను అవి మార్చునని నిరూపణ లేదు. కట్టినంతసేపు లాగి పట్టవచ్చును. విప్పినంతనే వ్రేలు తన దారినే పోవును. ఆ వెలతో ఒక మంచి జోడు కొనుట లాభము.

ఫిన్లండులో జరిగిన ఒక పరిశోధనను 2001లో ప్రకటించిరి. స్వల్పమో మధ్యమమో వంకర కలిగి నొప్పితో బాధపడు 209 మందిని చీట్లు వేసినట్లు మూడు భాగములు చేసిరి. ఒక వర్గమునకు శస్త్రచికిత్స, ఒక వర్గమునకు అరికాలి ఆధారములు, మూడవ వర్గమునకు ఒక ఏడాది వేచియుండుట. ఆరు నెలలకు ఆధారములు తొడిగినవారు కూడ కొంత ఉపశమనము పొందిరి. ఏడాది నిండునప్పటికి ఆ మేలు నిలువలేదు. శస్త్రచికిత్స పొందినవారే మిగిలిన ఇరువురికంటె సుఖముగా నుండిరి. ఇందునుండి మేము గ్రహించినది రెండు మాటలు: తగినవారికి శస్త్రచికిత్స నిజముగా మేలు చేయును; కొంతకాలము వేచి చూచుటవలన ప్రమాదమేమియు లేదు.

మరి తగినవారెవరు? నొప్పి నిత్యకృత్యములకు అడ్డు వచ్చి, వెడల్పు పాదరక్షలు మొదలగు ఉపాయములన్నియు చేసి చూచినను తగ్గనివారు. రెండవ వ్రేలు కూడ చెడుచున్నవారు. బొడిపెపై చర్మము మాటిమాటికి పుండగువారు. నొప్పి లేకుండ కేవలము రూపము బాగుండుటకై శస్త్రము కోరువారికి వైద్యులు సాధారణముగ వలదనియే చెప్పుదురు. నొప్పిలేని పాదమును కోసినచో నొప్పి గల పాదము మిగులవచ్చును గదా! కాని మన సోదరి వంటివారి విషయము వేరు. నిలువబడి బ్రదుకు తెరువు చూచుకొనువారికి ఇది సోకు కాదు, జీవనము.

ఆమె మేనత్తగారికి ఏమి జరిగినదో ఇప్పుడు చూతము. ఉత్తరములోని వర్ణననుబట్టి అది 1904లో అమెరికా సైనిక వైద్యుడు విలియం కెల్లర్ వర్ణించిన పద్ధతియై యుండవచ్చును. అందు బొడిపెను చెక్కివేసి, బొటనవ్రేలి మొదటి ఎముకలో కీలు వద్దనున్న భాగమును తీసివేయుదురు. కీలు వదులగును, నొప్పి తగ్గును. కాని వ్రేలు పొట్టిదగును, నేలను నొక్కు బలము పోవును. ఆ కాలమున ఇది విరివిగా జరిగిన చికిత్సయే. ఆమెకు అపచారము జరిగినదని చెప్పరాదు. నేడు దీనిని ముఖ్యముగ మిక్కిలి వృద్ధులై, నడక తక్కువైన వారికి మాత్రమే చేయుచున్నారు. బొడిపెను మాత్రము చెక్కి ఊరకుండు పద్ధతియు కలదు. ఎముకల వరుస మారదు గనుక వంకర మరల వచ్చుట తరచు.

నేటి పద్ధతుల మూలసూత్రము వేరు. బొడిపెను తీయుట కాదు, జరిగిన ఎముకను మరల దాని చోటికి తెచ్చుట. ప్రపదాస్థిని కోసి వంకర సవరించుటకు 1881లోనే జెనీవా వైద్యుడు జాక్ రెవర్డాన్ దారి చూపెను. అటుపిమ్మట నూటికి పైగా పద్ధతులు వర్ణింపబడినవి. ఇన్ని పద్ధతులుండుటయే ఏ ఒక్కటియు అందరికి తగదనుటకు సాక్ష్యము. వానిలో ముఖ్యమైనవి నాలుగు తెరగులుగా చెప్పుకొనవచ్చును.

వంకర స్వల్పమో మధ్యమమో అయినచో ప్రపదాస్థి తల వద్ద బాణపు మొనవలె కోసి, ఆ తలను వెలుపలి వైపు కొన్ని మిల్లీమీటర్లు జరిపి, చిన్న లోహపు మరతో బిగింతురు. దీనిని షెవ్రాన్ అందురు. వంకర ఇంకను ఎక్కువైనచో ఎముకను పొడుగునను మెట్టుగా కోసి, రెండు చెక్కలను ఒకదానిపై నొకటి జరిపి బిగింతురు. దీనికి స్కార్ఫ్ అని పేరు. ఇది వడ్రంగుల మాట. రెండు దూలములను మెట్టుగా చెక్కి అతుకు విధమునుండి వచ్చినది. మన వడ్రంగులకును ఈ అతుకు క్రొత్తది కాదు. మూడవది 1934లో పాల్ లాపిడస్ ప్రచారము చేసినది: ప్రపదాస్థి వెనుక మొదలున కీలు వదులైనచో, ఆ కీలును శాశ్వతముగ అతికివేయుట. నాలుగవది, బొటనవ్రేలి కీలే అరిగిపోయిన వారికి దానినే అతికివేయుట. నొప్పి పోవును, నడక బలముగ నుండును. కాని ఆ కీలు మరల వంగదు. వ్రేళ్లు వంచి మునికాళ్లపై కూర్చుండువారును, నమాజు చేయువారును ఈ సంగతి ముందుగానే వైద్యునితో చెప్పవలెను. వీనితోపాటు, అవసరమైనచో, బిగిసిన స్నాయువులను సడలించుటయు, బొటనవ్రేలి ఎముకనుండి చిన్న చీలికను తీసి నిటారు చేయుటయు కలదు.

ఇటీవల పెద్ద గాటు లేకుండ, కొద్ది మిల్లీమీటర్ల రంధ్రములగుండ, ఎక్స్‌రే తెరపై చూచుచు ఎముకను కోయు పద్ధతియు వ్యాపించుచున్నది. మచ్చ చిన్నది, మొదటి దినములలో నొప్పియు తక్కువ కావచ్చును. కాని అందులో చేయి తిరిగిన వైద్యుడు కావలెను. గాటు చిన్నదైనంత మాత్రమున ఎముక త్వరగా అతుకదని మరువరాదు.

శస్త్రచికిత్స సాధారణముగ గంట ఇంచుమించు పట్టును. చీలమండ వద్దనో, వెన్నునకో మత్తు ఇచ్చి చేయవచ్చును. పూర్తి మత్తు అందరికి అవసరము లేదు. ఎందరో ఆ దినముననే, లేదా మరునాడు ఇంటికి పోవుదురు. అసలు పరీక్ష ఇంటివద్ద మొదలగును. మొదటి రెండు వారములు పాదమును గుండెకంటె ఎత్తుగా దిండ్లపై ఉంచి ఎక్కువ వేళ విశ్రమించవలెను. కుట్లు సుమారు రెండు వారములకు విప్పుదురు. ఎముక అతుకుటకు ఆరు వారములైనను పట్టును. అంతవరకు వైద్యుడిచ్చు గట్టి అడుగు గల జోడుతో, మడమపై భారముంచి నడువవలెను; లాపిడస్ వంటి చికిత్సలో కొంతకాలము కాలు మోపనే కూడదని చెప్పవచ్చును. వాహనము నడుపుట ఆరు వారములకు పైననే. వాపు మూడునుండి ఆరు నెలలు, ఒక్కొక్కరిలో ఏడాది వరకు నిలుచును. కావున “పది దినములలో బడికి పోవచ్చును” అను ఆశతో ఎవ్వరును బయలుదేరరాదు.

మన ఇండ్ల తీరుకు తగిన ఏర్పాట్లు ముందే చేసికొనవలెను. నేలపై కూర్చుండి లేచుట, గొంతుకు కూర్చుండుట ఆ దినములలో కష్టము. ఎత్తు పీట గల మరుగుదొడ్డి కావలెను. వంటయింటి గడపయు, స్నానపు గదిలో తడినేలయు అపాయకరములు. నీళ్లు మోయుటకు, వండుటకు మరియొకరు ఉండవలెను. తల్లి కోలుకొనవలెనన్నచో ఇంటివారందరును ఆరు వారములు ఆమె పనిని పంచుకొనవలెను. ఇది చెప్పుట సులభము. దీనిని చేయకనే శస్త్రచికిత్స ఫలింపలేదను ఇండ్లు కలవు.

కష్టములును చెప్పవలెను. పుండు చీము పట్టుట, వ్రేలి ప్రక్కన తిమ్మిరి మిగులుట, కీలు బిగుసుకొనుట, ఎముక ఆలస్యముగ అతుకుట, కాలిసిరలలో రక్తము గడ్డకట్టుట, భారము ప్రక్క ఎముకలపై పడి క్రొత్త నొప్పి వచ్చుట, వ్రేలు అవతలి వైపునకు మరీ తిరుగుట, కొన్నేండ్లకు వంకర మరల వచ్చుట సంభవము. ఇవి అందరికి రావు; కాని ఎవరికి రావని ముందుగా ప్రమాణము చేయుటయు సాధ్యము కాదు. మధుమేహము అదుపులో లేనివారు, కాలిలో రక్తప్రసారము తగ్గినవారు, పొగత్రాగువారు విశేషముగ జాగ్రత్తపడవలెను. పొగ ఎముక అతుకుటను ఆలస్యము చేయును. మధుమేహము గలవారు ఆనెకాయలను బ్లేడుతో ఇంట కోసికొనుట మిక్కిలి ప్రమాదము. వారికి స్పర్శ తగ్గియుండును. చిన్న గాటే కాలికి ముప్పు తేగలదు.

పదునాలుగేండ్ల అమ్మాయి సంగతి. మొదటి ప్రపదాస్థి వెనుక మొదలున ఆ వయస్సున ఎముక పెరుగు పొర ఇంకను తెరచి యుండవచ్చును. శస్త్రముచే దానికి హాని కలుగరాదు. పైగా చిన్నతనమున సవరించిన వంకర మరల వచ్చుట పెద్దలలోకంటె ఎక్కువ. అందుచేత పెరుగుదల ముగియు వరకు ఆగుటయే సాధారణ నియమము. అంతవరకు వెడల్పు జోడు, ఏటికొకసారి పరీక్ష చాలును. పాఠశాల బూట్లు పాదము పెరిగినకొలది మార్చవలెను. “వచ్చే ఏడాదివరకు లాగుము” అని బిడ్డ పాదమును బూటులో బిగించుట పొదుపు కాదు.

శస్త్రవైద్యుని వద్దకు పోవువారు కొన్ని ప్రశ్నలు కాగితముపై వ్రాసికొని పోవుట మంచిది. నా వంకర ఎన్ని డిగ్రీలు? మీరు చేయదలచిన పద్ధతి ఏది, నాకు అదియే ఎందుకు? కీలు తరువాత వంగునా? ఎన్ని వారములు కాలు మోపరాదు? వంకర మరల వచ్చినచో ఏమి చేయుదురు? చేయించుకొనకున్న ఏమగును? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు విసుగుకొనడు.

ఈ ప్రసంగము ప్రసారమైన నెల దినములకు ఆ సోదరినుండి మరల ఉత్తరము వచ్చినది. భర్తతో కూడ పోయి నిలువబడి ఎక్స్‌రే తీయించుకొనినారట. కోణము 34 డిగ్రీలు. వైద్యుడు మొదట మూడు నెలలు వెడల్పు జోడుతో గడపుమనెను. సగము నొప్పి తగ్గినదిగాని సాయంకాలపు పోటు పోలేదు. అందుచేత వేసవి సెలవులలో శస్త్రచికిత్సకు నిశ్చయించుకొనినారు. మేనత్తగారు ఎనుబదియేండ్ల వయస్సున తన పొట్టి వ్రేలిని చూపి, “నాకు కోసినది తీసివేయుట, దీనికి కోయునది నిలువబెట్టుట. రెండును ఒకటి కాదట, రేడియోలో విన్నాను” అని ఇంటివారికి తానే నచ్చచెప్పినారట. వంట ఆరు వారములు భర్తగారు చేయుదురు. అమ్మాయికి క్రొత్త బూట్లు కొనినారు. ముందుగా కాగితముపై పాదము గీచి చూచుకొనియే కొనినారట.